బండి నేలలో కంత

ఎమ్మిగనూరు, డిసెంబరు

ప్రేమగల పద్మక్కకు,

నీ చెల్లెలు సునంద నమస్కారాలు. ఫోను పెట్టుకుని ఉత్తరమేమిటని నవ్వుతావేమో. మా ఇంటి గోడలు నీకు తెలియనివా? లోపల గుసగుసలాడినా వాకిట్లో ఉన్న మీ మరిదికి వినిపిస్తుంది. చెప్పాల్సిందేమో ఆయన మీదే.

జీపు వెనక తగిలించుకుని తిరునాళ్లకు తీసుకుపోయేవాడే, ఆ రేకుల బండి గుర్తుందా? కరోనా ఏడు నుంచి పెరట్లో పడి ఉంది. ఇప్పుడు దాన్ని మళ్లీ బాగు చేస్తున్నాడు. జీపు అమ్మేసి ఏళ్లయింది, బండికి మాత్రం కొత్త చక్రాలు! తుప్పు గీకుతాడు, దగ్గుతాడు, మళ్లీ గీకుతాడు. పొరుగింటి మల్లన్న వచ్చి వెల్డింగు చేసిపోతాడు.

అక్కా, పెళ్లయిన నాటి నుంచి ఆ బండి నాకు సవతి. నేను గుంటమగ్గంలో కాళ్లు దించుకుని నేసేదాన్ని. ఆయన ఆ చీరలూ తువ్వాళ్లూ బండికెత్తుకుని కైరుప్పల ఉగాదికని, మంత్రాలయం ఆరాధనకని పోయేవాడు. నేను నేసిన చీరలు చూసిన ఊళ్లు నేను చూడలేదు. నన్నూ తీసుకుపొమ్మని ఎన్నిసార్లు అడిగానో. "ఇద్దరికి చోటు యాడుంది సునందా?" అనేవాడు. ప్రతిసారీ అదే మాట. అడగడం మానేశాను గానీ ఆ బాధ మానలేదు. ఇప్పుడు దగ్గుతో మనిషి సగమయ్యాడు, అయినా తిరుగుడు మీదే ధ్యాస. కుక్కతోక వంకర అని ఊరికే అన్నారా?

నీ సునంద

ఎమ్మిగనూరు, ఫిబ్రవరి

అక్కా,

నీ జవాబు అందింది. "మగవాళ్లంతే, సర్దుకో" అన్నావు. ఎంతని సర్దుకోను?

బండిలో ఉన్న ఒక్క మంచమూ పీకేశాడు. నేల మధ్యలో తుప్పు పట్టిందని రేకు చదరంగా కోశాడు. ఆ కంత మూయవేమని అడిగితే "ఉండనీలే, గాలొస్తాది" అన్నాడు. మరి మంచం లేకుంటే యాడ పండుకుంటావు అన్నాను. "నాకు పండుకునేకి చోటు తక్కువా?" అని నవ్వబోయి దగ్గాడు.

మొన్న నేను మగ్గంలో కూర్చుని నేస్తుంటే ఎర్రపోగు ఒకటి పట్టుకొచ్చి, నా మోకాలి నుంచి మడమ దాకా కొలిచాడు. ఒళ్లు మండిపోయింది. "బతికినోళ్లను దారంతో కొలుస్తారా? నాకు పాడె కట్టేకా?" అని అరిచాను. "నీకెందుకు కడతా మే? గుంట లోతు చూసుకుంటాండా" అని, పోగుకు ముడేసి జేబులో పెట్టుకున్నాడు. ఏమాత్రం కోపం రాలేదు ఆయనకు. అదింకా మండింది నాకు.

నా నిర్ణయం చెబుతున్నాను. ఈసారి ఆ బండి వాకిలి దాటిన రోజే మగ్గానికి గుడ్డ కప్పి, ఇంటికి తాళం వేసి, ఆదోనికి నీ దగ్గరికి వచ్చేస్తాను. తిరిగొచ్చి తాళం చూసుకోనీ. ఎదురుచూడటం ఎట్లుంటుందో ఆయనకూ తెలియాలి. మీ మిద్దె మీది గది ఖాళీ చేసి పెట్టు.

సునంద

ఎమ్మిగనూరు, జూన్

అక్కా,

ఆయన పోయి రెండు నెలలయింది. గోడ అవతల వినేవాళ్లు లేరు, ఇప్పుడు ఫోను చేయొచ్చు. చేయబోయాను, నీ నంబరు నొక్కి మళ్లీ పెట్టేశాను. అందుకే మళ్లీ ఉత్తరమే.

నిన్న పాత ఇనుము కొనేవాణ్ణి రమ్మన్నాను. బండి కనిపిస్తే చాలు ఏడుపొస్తోంది, తీసుకుపోనీ అనుకున్నాను. లోపలి సామాను తీద్దామని ఎక్కాను. ఇన్నేళ్లలో దాన్ని ఎక్కడం అదే మొదటిసారి. మెట్టు ఎంత కిందికి పెట్టాడంటే నా మోకాలికి నొప్పే తెలియలేదు. ఆయన పొడుగు మనిషి కదా, అంత చిన్న మెట్టు ఎవరికోసమా అనుకున్నాను.

కంత అట్లాగే ఉంది. తొంగి చూస్తే దానికింద రేకు తొట్టిలా దించి, అడుగున చెక్క బిగించాడు. పక్కన మేకుకు ఆ ఎర్రపోగు వేలాడుతోంది, ముడి కూడా విప్పలేదు. అంచున కూర్చుని కాళ్లు దించాను. పాదాలు చెక్కకు సరిగ్గా ఆనాయి, మన మగ్గం గుంటలో ఆనినట్టే. నేను కుర్చీలో కూర్చోలేను, మఠం వేయలేను. కాళ్లు దించుకుంటేనే నా నడుము నిలుస్తుందని ఆయనకు తెలుసు. ఎదురుగా కిటికీ తోస్తే రేకు పైకి లేచింది. చీరల అరలు రెండు పక్కలా చేతికందేటట్టున్నాయి.

మల్లన్నను పిలిచి నిలదీశాను. "ఊపిరితిత్తులు పనికిరావని కర్నూలు డాక్టరు దసరాకే సెప్పినాడు వదినా. నీకు సెప్పొద్దని అన్న నాతో ఒట్టేయించుకున్నాడు. ఆరాధనకు నా ట్రాక్టరు కట్టి నిన్ను తోడుకపోమన్నాడు" అన్నాడు.

ఇనుమువాణ్ణి వెనక్కి పంపేశాను. గది ఖాళీ చేయొద్దక్కా. మగ్గం మీది చీర నేయడం ముగించి కోశాక మంత్రాలయం పోతాను, జనం ఏమన్నా అనుకోనీ. ఏడుపొస్తే ఆ కంతలో కాళ్లు దించుకునే ఏడుస్తాను.

ఇద్దరికి చోటు లేదనేవాడు కదా. ఇప్పుడూ బండిలో ఒక్కరికే చోటు. అది నాకిచ్చి, తను దిగిపోయాడు.

నీ చెల్లెలు
సునంద