సానరాయి మీద పాలు

ఫిబ్రవరి 11, ఆదివారం

చిట్టులూ,

నువ్వు చదవవని తెలుసు. ఎవరికీ రాయడం లేదు. నోటికి అలవాటైపోయింది, చిట్టులూ అంటేగానీ మాట మొదలవదు. ముప్ఫై నాలుగేళ్ళ మగాణ్ణి, కస్టమర్ల ముందు ఆ పిలుపేంటమ్మా అని ఎన్నిసార్లు విసుక్కున్నావో.

ఇది నీ సెలూన్ షాపు నోటుబుక్కే. ముందు ఆరు పేజీల్లో నీ కస్టమర్ల ఫోన్ నంబర్లు. ఏడో పేజీ నుంచి నాది. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే ఉంటాయి.

ఆ బుధవారం జ్వరమని పడుకున్నావు. శుక్రవారానికి లేవు. పదకొండు వారాలైంది.

మీ నాన్న అప్పటి నుంచి గడ్డం తీయించుకోలేదు. ఆదివారం పొద్దున నీ కోసం కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, మెడకి తువ్వాలు చుట్టుకుని కూర్చునేవారు కదా. ఇప్పుడూ కూర్చుంటారు. తువ్వాలు కూడా చుట్టుకుంటారు. కాసేపు ఉండి లేచిపోతారు.

ఫిబ్రవరి 13, మంగళవారం

ఇవాళ కూడా నాలుగు ముద్దలే. చెయ్యి కడిగేసుకున్నారు. అడిగితే చాలు అన్నారు. రోజుకి ఆ ఒక్క మాటే.

ఒక నిజం రాస్తాను. ఆ గడ్డం పోవాలని నాకున్నది ఆయన కోసమే కాదు. మీ ఇద్దరికీ గడ్డం మధ్యలో ఒకటే గుంట. శనగగింజ పట్టేంత. నువ్వు పుట్టినప్పుడు నర్సు నవ్వింది, తండ్రి సంతకం పెట్టి పంపాడమ్మా అని. నీ గుంట పోయింది. ఉన్న ఒక్కటీ ఆ నెరిసిన వెంట్రుకల కింద ఉంది. నాకు చూడాలని ఉంది.

ఆయనతో చెప్పలేదు. స్వార్థం అనుకుంటారేమో. స్వార్థమే.

ఫిబ్రవరి 15, గురువారం

నీ పక్క షాపు దర్జీ వచ్చాడు. నీ కత్తిపెట్టె తెచ్చాడు. మీ నాన్నని చూసి, బావా, ఇంకో వారం ఆగితే ఇందులో పిచ్చుక గుడ్లు పెడుతుంది, నా దగ్గర కరెంటు మిషనుంది, రెండు నిమిషాల్లో లాగేస్తాను అన్నాడు. మీ నాన్న గోడకేసి తిరిగిపోయారు. తిరిగి, మనవాడి కత్తితో అయితేనే, లేకపోతే లేదు అన్నారు.

ఎలాగూ జరగదని ఆ మాట అన్నారు. ఆయన చేతులు వణకబట్టే కదా ఆరేళ్ళ కిందట షాపు నీకిచ్చింది. ఆ కత్తి పట్టేవాళ్ళు ఇంట్లో ఎవరున్నారు.

గుమ్మం దగ్గర దర్జీ గొంతు తగ్గించి, తిట్టకక్కా, కత్తెర కనబడక రెండుసార్లు ఆ కత్తితో దారం తెంపాను, మొద్దుబారి ఉంటుంది అన్నాడు. రెండుసార్లేనా అన్నాను. నాలుగైదు ఉంటాయి అన్నాడు. ఇంకాసేపు నిలదీస్తే కోటు మొత్తం దాంతోనే కత్తిరించాడని తేలేది.

ఫిబ్రవరి 16, శుక్రవారం, మధ్యాహ్నం

పెట్టె తెరిచాను. కత్తి, తోలు పట్టా, రెండు రాళ్ళు.

ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు రాయి. పలక అంత ఉంది. దానిలోంచే కోసిన అగ్గిపెట్టెంత ముక్క ఇంకోటి. తల్లిరాయి, పిల్లరాయి అనేవాడివి. ఫ్యాక్టరీలో చేసింది కాదమ్మా, కొండలో పుట్టిన రాయి, మిగతా రాళ్ళు పదును పెడతాయి, ఇది పదునుకి నునుపు ఇస్తుంది అనేవాడివి. నీళ్ళు చల్లి తల్లి మీద పిల్లని రుద్దితే తెల్లగా వచ్చేదాన్ని పాలు అనేవాడివి. ఆ పాలల్లోనే కత్తి ఆడాలనేవాడివి. నేను అన్నం వారుస్తూ ఊ కొట్టేదాన్ని. సరిగ్గా విన్నది లేదు.

నువ్వు రాయి కడగకుండా ఎప్పుడూ మూత పెట్టలేదు. ఈసారి కడగలేదు. పాలు రాయి మీదే ఎండిపోయి ఉన్నాయి. ఆ బుధవారం ఒళ్ళు వెచ్చబడి మధ్యలో లేచి వచ్చినట్టున్నావు. మూల దగ్గర నీ బొటనవేలి ముద్ర. గీతలతో సహా.

ఫిబ్రవరి 17, శనివారం

పెట్టె తెరవలేదు. ఊపిరి తగిలినా రాలిపోతుందేమోనని భయం.

ఫిబ్రవరి 18, ఆదివారం, పది గంటలు

మళ్ళీ తువ్వాలు చుట్టుకుని కూర్చుని లేచిపోయారు. నాకు ఒళ్ళు మండింది. పెట్టె వంటింట్లోకి తెచ్చుకున్నాను. నీళ్ళు వేస్తే నీ ముద్ర కరిగిపోతుంది. అందుకని నీళ్ళు లేకుండానే, ముద్ర లేని కొస మీద కత్తి పెట్టి రుద్దాను.

రెండుసార్లు కూడా రుద్దలేదు. వరండాలోంచి కేక. ఎవరే అది, ఎండు రాయి మీద కత్తి గీకుతున్నది, పళ్ళు జివ్వుమంటున్నాయి, ఆపు!

చిట్టులూ, పన్నెండు వారాల్లో అంత పొడుగు మాట అదే.

లోపలికి వచ్చారు. బుద్ధుందా అన్నారు, దర్జీ పాడుచేసింది చాలక నువ్వూనా అన్నారు. అంతలో రాయి చూశారు. అలాగే నేల మీద కూర్చుండిపోయారు. రాయి మీదికి వంగి అన్నారు. ఎండితే అది దుమ్మేనే. నీళ్ళ చుక్క పడితే లేస్తుంది. వాడి పాలే. దాంట్లోనే కత్తి నూరొచ్చు.

మరి ముద్ర అన్నాను.

పోతుంది అన్నారు.

పెట్టె లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఫిబ్రవరి 20, మంగళవారం

ఇద్దరం మాట్లాడుకోవడం లేదు. ఇదివరకూ మాట్లాడుకోలేదు. కానీ ఇప్పుడు అలిగి మాట్లాడుకోవడం లేదు. ఇదే కాస్త నయం.

ఫిబ్రవరి 23, శుక్రవారం

మీ నాన్న ప్యాంటు జారిపోతోందని నీ బెల్టు తీసి పెట్టుకున్నారు. చివరి చిల్లు కూడా సరిపోలేదు. మేకుతో ఇంకో చిల్లు పొడుచుకుంటున్నారు. చేతులు వణికి మేకు పక్కకి పోతోంది.

తలుపు చాటున నిలబడి చూశాను. ముద్ర దాచుకుంటే మనిషి పోయేలా ఉన్నాడు.

ఫిబ్రవరి 25, ఆదివారం, సాయంత్రం

చేశాను. వరసగా రాస్తాను, మర్చిపోకముందే.

పెట్టె ఆయన ముందు పెట్టి, చెప్పండి ఎలాగో అన్నాను. పెరటి గుమ్మంలో వెలుతురుకి కూర్చోబెట్టారు. ఆయన మాత్రం వీపు తిప్పుకుని కూర్చున్నారు. చూస్తే నీ చేతిలోంచి కత్తి లాక్కుంటానే, వింటాను, నువ్వు రుద్దు అన్నారు.

చెంచాతో మూడు చుక్కలు వేశాను. ముందు ముద్రే పోయింది. ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఏడుస్తాననుకున్నాను. ఏడవలేదు, ఎందుకంటే పాలు లేచాయి. తెల్లగా, చిక్కగా. నువ్వు ఇప్పుడే చెయ్యి తీసినట్టు.

కత్తి పడుకోబెట్టు, వెన్నూ అంచూ రెండూ రాయికి తగలాలి అన్నారు. రుద్దాను. గరగరమంది. నొక్కకు, దాని బరువు చాలు అన్నారు. తిప్పేటప్పుడు అంచు మీద తిప్పాను. చూడకుండానే పట్టేశారు. వెన్ను మీద తిప్పవే, అది కత్తి, గరిటె కాదు! నలభై ఏళ్ళుగా వండి పెట్టిన గరిటెని ఏమీ అనొద్దు అన్నాను. ఆయన వీపు కదిలింది. నవ్వారనే అనుకుంటున్నాను.

ఇంకో చుక్క, ఇంకో చుక్క. పాలు పలచబడుతూ ఉత్త నీళ్ళయ్యాయి. చప్పుడు సన్నబడింది, పట్టుచీర మడత పెట్టినట్టు. అప్పుడొకటి జరిగింది. కత్తి జరగలేదు. రాయి పట్టుకుంది. వదలనంటోంది. చెప్పకముందే ఆయనకి తెలిసింది. పట్టుకుందా, అయితే అయిపోయింది, ఇక తియ్యి అన్నారు.

తీశాను.

తోలు పట్టా మీద కత్తిని అరవైసార్లు అటూ ఇటూ లాగాను. ఆయనే నా తలలోంచి ఒక నెరిసిన వెంట్రుక పీకి అంచు మీద వదిలారు. రెండై పడింది.

గడ్డం ముందు కత్తెరతో కురచ చేసి, నురగ పెట్టాను. కళ్ళు మూసుకున్నారు. చెవి కింద ఒకచోట గీరుకుంది. మొదటి కస్టమర్నే కోశావు, షాపు నడిచినట్టే అన్నారు.

గుంట దగ్గర కత్తి తిరగలేదు. వాడు బొటనవేలితో కింద చర్మం లాగేవాడు అన్నారు. నువ్వు వేలు పెట్టేచోట నా వేలు పెట్టి లాగాను. అక్కడ కాస్త నొక్కు ఉంది, నా వేలికి సరిపోయేలా.

నురగ తుడిచాను. ఉంది. శనగగింజ పట్టేంత. అలాగే చూస్తూ ఉండిపోయాను. ఏంటే అంతసేపు అన్నారు. గీత మిగిలిందేమోనని చూస్తున్నాను అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని అక్కడే కాసేపు ఉంచారు. తెలుసు ఆయనకి. ఎప్పటి నుంచో తెలుసేమో.

తర్వాత, ఆకలేస్తోంది, అన్నం పెట్టు అన్నారు. రెండోసారి కూడా వడ్డించాను.

మార్చి 3, ఆదివారం

ఇవాళ మీ నాన్నకి ఎక్కడా గీరుకోలేదు. దర్జీ నాకూ చెయ్యక్కా అని మొహం పట్టుకొచ్చాడు. ముందు దారం తెంపనని ఒట్టు పెట్టు అన్నాను.

రాయి కడగకుండా పెట్టెలో పెట్టాను. మూల దగ్గర నా బొటనవేలి ముద్ర ఉంది. మీ నాన్న చూసి, తనే మూత పెట్టారు.

ఎప్పుడో ఎవరైనా ఈ పెట్టె తీస్తే, భయపడకండి, మూడు చుక్కల నీళ్ళు వేయండి, పాలు లేస్తాయి. దానికి ముందు అన్నం తినండి. కడుపు నిండా తినండి.