పురుగు కొట్టిన గరిటె

ఉదయగిరి,
12-8-1983.

చిరంజీవి మునీరాకు అమ్మ దువా చేసి రాయునది. అల్లా దయవల్ల మీ నాయన, నేను, రెండు మేకలు అందరం బాగానే ఉన్నాం. ఆత్మకూరు హాస్టల్లో నీకు అన్నం సరిపోతున్నదో లేదో రాయి. నా దగ్గు తగ్గింది. మీ నాయన చేతి వణుకు అట్లాగే ఉంది. పన్నెండేళ్ళుగా ఉలి పట్టలేడు, ఆ మాట బయట ఒప్పుకోడు. నువ్వు అడిగినవాటికి జవాబులు అయిపోయాయి, ఒక్కటి తప్ప.

"ఈ వారం పత్రిక చూసినావా అమ్మా?" అని ఎందుకు అడిగావు? టైపు నేర్చుకోవడానికి పోయిన పిల్ల, తల్లి పత్రిక చదివిందా లేదా అని ఎన్నడైనా అడిగిందా? అక్కడే నాకు అనుమానం తగిలింది. పక్కింటి ఆదిశేషమ్మను అడిగి తెచ్చుకుని చదివాను.

ఎవరో 'ఉదయ' రాసిన కథ. కొయ్య గరిటెలు చెక్కే ఒకామె. సరుకు మొగుడి పేరు మీద పోతుంది, నెల్లూరు ఎగ్జిబిషన్లో బహుమతీ మొగుడికే. ఆమె మాత్రం ప్రతి గరిటె కాడ వెనక ఉలి మొనతో మూడు చుక్కలు పొడిచి పెట్టుకుంటుంది. అదంతా నేను చేసేదే. నా గుట్టు ఎవరు బయటపెట్టారు? ముందు ఆదిశేషమ్మనే అనుమానించాను. రెండు రోజులు ఆమెతో ముఖం ఇచ్చి మాట్లాడలేదు, పాపం. తర్వాత కర్ర తెచ్చే కొండలయ్య మీదికి పోయింది నా బుద్ధి.

మళ్ళీ చదివాను. అందులో చిన్నపిల్ల అడుగుతుంది, "ఏందమ్మా ఈ చుక్కలు?" అని. తల్లి అంటుంది, "పురుగు కొట్టిందిలే, పోయి ఆడుకో." ఓసి దొంగదానా! ఆ మాట నేను నీతో అన్నప్పుడు నీకు ఏడేళ్ళు. అప్పుడు ఇంట్లో మూడో మనిషి లేడు.

సరే, రాశావు. చివర్లో మొగుడు గరిటె విరిచేస్తే ఆమె ఏడ్చి ఏడ్చి ఉలిని బావిలో పారేసిందన్నావే, ఎవరిని అడిగి పారేయించావు? నా ఉలి నా చేతిలోనే ఉంది. నాకు కోపం వచ్చింది అందుకే.

ఇంతసేపూ దాచిన మాట చెప్తాను. పత్రిక తిరిగి తీసుకోవడానికి వచ్చిన ఆదిశేషమ్మ, మన వసారాలో కూర్చుని ఆ కథ పైకి చదివింది. మీ నాయన విన్నాడు. లేచిపోయి గంపలో గరిటె తీసి తిరగేశాడు.

"ఏందే ఇవి?"

పురుగు కొట్టిందనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. "నా పేరు" అన్నాను. ఆయన గరిటె గంపలో పడేసి బయటికి పోయాడు. నిన్న కర్ర తెచ్చి నా ముందర పడేసి, "పేరు చెక్కుకుంటావో, పురుగులే చెక్కుకుంటావో నీ ఇష్టం. వచ్చే శుక్రవారానికి సరుకు కావాల" అన్నాడు. ఆయనంతే.

ఈ ఉత్తరం బస్సు డ్రైవర్ జానీ బాషా చేతికి ఇచ్చి పంపుతున్నాను. దాంతోపాటు ఒక గరిటె. వెనక్కి తిప్పి చూడు. చుక్కలు లేవు, అక్షరాలున్నాయి. వంకరగా ఉన్నాయని నవ్వావంటే ఊరుకోను, నాది ఐదో క్లాసు చదువు.

నేనైతే మీ నాయనకు భయపడి చుక్కలు పెట్టుకున్నాను. నువ్వు ఎవరికి భయపడి కథ కింద 'ఉదయ' అని పెట్టుకున్నావు?

ఇట్లు,
నీ తల్లి,
షేక్ మస్తాన్‌బీ