గాడిదలు ఆగిన చోటే సంత

రఖియాకు, అల్లా దయవల్ల నేను కులాసా. నన్ను పోలీసులు పట్టుకెళ్లారని బస్సు డ్రైవరు చెప్పే ఉంటాడు. నిజమే గానీ టీ ఇచ్చి పంపేశారు, కంగారు పడకు.

మన సోమవారం సంత మైదానంలో కాసాబ్లాంకా నగరానికి వెళ్లే సరుకు దాచడానికి గోదాము కట్టారు. సంతను పెద్ద రోడ్డు అవతల రాళ్ల దిబ్బ మీదికి తోసేశారు. పల్లెలవాళ్లు ఎప్పటిలాగే గాడిదల మీద కునుకు తీస్తూ వచ్చారు. గాడిదలు ఎప్పటిలాగే పాత చోటికే వచ్చి గోదాము గేటుకు అడ్డంగా నిలబడ్డాయి. లారీలన్నీ ఆగిపోయాయి.

"ఓ తాతా, నీ చుట్టాల్ని తోలవయ్యా!" అని కాపలావాడు నా మీద అరిచాడు.

నాకు ఒళ్లు మండింది. "నేను వీటి వీపు మీద బరువుల కింద వేసే గంతలు కుట్టేవాణ్ణి, దారి చెప్పేవాణ్ణి కాదు. మీ యజమానిని పిలువు, ఆయన చెబితే వింటాయేమో!" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. పట్టుకెళ్లింది అందుకే.

అంత పెద్ద నగరం కడుపు నిండడానికి మన కంచమే లాక్కోవాలా? గాడిదలను ఆ రోడ్డు దాటనివ్వరు. అవి రాని సంతలో నా గంతలు ఎవడు కొంటాడు?

మనబ్బాయి హమ్మూకు గోదాములో మూటలు మోసే పని ఇస్తారట. వాణ్ణి పంపకు.

మేక ఈనిందా? పెద్ద సూది, మేక వెంట్రుకల దారం ఆదివారం బస్సులో పంపు. సోమవారం ఆ గేటు ముందే చాప పరుస్తాను. గాడిదలు ఆగిన చోటే నా సంత.

అత్తకు సలాం. అందరికీ అల్లా మేలు చేయాలి, ఆ గోదాము యజమానికి తప్ప.

నీ బూఅజ్జా