పొట్టేలుకి వీపు చూపించొద్దు

డెస్, నేను మా అక్క దగ్గరికి వెళ్తున్నాను, ఆదివారం సాయంత్రానికి వస్తాను. పొట్టేలు ఛాతీ పట్టీలో ఎర్ర రంగు ముద్ద తీసేసి నీలం పెట్టాను. చలికి గట్టిది అది ఎక్కిన గొర్రె వెనక అంటదు కాబట్టి మెత్తది పెట్టాను. ఇకమీదట ఏ గొర్రె వెనకైనా ఎరుపు మీద నీలం కూడా కనబడితే, పొట్టేలు రెండోసారి ఎక్కిందని, మొదటిసారి చూలు నిలవలేదని అర్థం. దాన్ని విడిగా కట్టెయ్, అమ్మేద్దాం. ఎరుపు ఒక్కటే ఉన్నవాటిని కింది బీడులోకి తోలు. ఆవుల్ని మాత్రం అటు పోనివ్వకు, గొర్రెలకి గడ్డి మిగల్చవు.

నీళ్ల తొట్టి బాగుచేసేటప్పుడు పొట్టేలుకి వీపు చూపించి వంగొద్దు. పోయినవారం కూడా ఇదే చెప్పాను. నువ్వు వినలేదు. ప్యాంటు వెనక అంత ఎర్ర మరకతో తిన్నగా రైతుల మీటింగుకి పోయి, బోర్డు మీద మేత లెక్కలు రాస్తూ ఊరందరికీ చూపించావు. పక్కింటి జాయ్స్ నన్ను పట్టుకుని, "నోలీన్, మీ ఆయనకిప్పుడు ఎన్నో నెలే?" అనడిగింది. అందరితోపాటు నేనూ నవ్వాను గానీ, ఆ ప్యాంటు నాలుగుసార్లు ఉతికింది నేనే. మరక ఇంకా పోలేదు.

మాంసం పై ఓవెన్లో ఉంది. కుక్కలకి పెట్టకుండా నువ్వే తిను. మోకాలికి మందు రాసుకో.

నోలీన్

మరిచాను. నేను వచ్చేసరికి ఆ ప్యాంటు మీద నీలం కూడా కనబడిందంటే నేనేం చెయ్యలేను. మంగళవారం సంతకి లారీ వస్తుంది, గొర్రెలతోపాటు నువ్వూ ఎక్కుదువుగాని.