ఆ తల్లి కూర్చున్న గొంగడి

భూపాలపల్లి

అక్క లచ్చమ్మకు, తమ్ముడు బీరయ్య దండం పెట్టి రాస్తున్నది.

ఇక్కడ మేమంతా మంచిగానే ఉన్నాము. నువ్వు, బావ, పిల్లలు మంచిగా ఉన్నారనే అనుకుంటున్నాను. మోకాళ్ల నొప్పికి జనగామ దవాఖానలో ఇచ్చిన గోళీలు మింగుతున్నావా, పెట్టెలో దాస్తున్నావా? ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని అంటావు. ఫోన్‌లో చెబితే నువ్వు నడుమ తిడతావు, నేను కోపమొచ్చి పెట్టేస్తాను. అందుకే రాస్తున్నాను. ఇంకొకరితో రాయించలేదు, నేనే మూడు రోజులు కూర్చొని రాశాను. దీన్ని రేణుకతోనే చదివించు. పెళ్లి నీ మనుమరాలిది కాబట్టి ఈ సంగతి ఆమెకూ తెలియాలి.

నా గురించి రంది పెట్టుకోకు. ఇక్కడ ఎండ కంటే బొగ్గు దుమ్ము ఎక్కువ. కోడలు ఉతికి ఆరేసిన ధోవతి మధ్యాహ్నానికే మసి రంగు తిరుగుతుంది. సన్నబియ్యం అన్నం నాకు సయించదు. జొన్నరొట్టె అడిగితే వారానికి ఒకసారి చేస్తుంది, కాదనదు. వచ్చేవాళ్లతో నాలుగు కిలోల పచ్చజొన్నలు పంపు. కొడుకు మల్లేశు బొగ్గు బాయి డ్యూటీకి పోతే నేను కట్టెల అడితిలో పొద్దంతా కావలి కూర్చుంటాను. గొర్లు కాసినవాడు కట్టెలు కాస్తున్నాడని నవ్వకు. కట్టెలు తప్పిపోవు. కాకపోతే మాట్లాడవు కూడా. అందుకే ఎక్కడ డప్పు మోగినా పోయి నిలబడతాను.

ఇక అసలు సంగతి. అంచు కుట్టించి తెస్తానని నీ ఇంటి నుంచి నాయిన నేసిన గొంగడి తెచ్చాను కదా. రేణుకను, పిల్లగాడిని దాని మీదనే కూర్చోబెట్టాలని నువ్వు పదిసార్లు చెప్పావు. రేగొండలో మనవాళ్ల దగ్గర అంచు కుట్టించి చంకలో పెట్టుకొని వస్తుంటే, ఇక్కడ తెలంగాణ రావాలని ఆటపాటల ధూంధాం జరుగుతున్నది. జనగామలో మనిద్దరం చూసినదాని కంటే పెద్దది. అప్పుడు నువ్వు చెప్పులు చేతిలో పట్టుకొని ఎగిరి, ఇంటికొచ్చి కాళ్ల నొప్పులని ఏడ్చావు. ఇక్కడా ఆడవాళ్లు అట్లాగే ఎగిరారు. సినిమాల్లో మన మాటను నవ్వడానికి పెడతారు. అదే మాట మైకులో వినబడితే ఇక్కడ జనం లేచి నిలబడుతున్నారు. నేను కూడా నిలబడ్డాను.

సంపత్ అనే పాటగాడు గొర్లకాపరి పాట పాడటానికి వచ్చాడు. భుజాన ఎర్ర గీతల మిల్లు దుప్పటి. నాకు మండింది.

"ఏందిరా అది? దుప్పటి కప్పుకొని గొర్లు కాస్తరా? దవాఖానల పన్నవా?" అని కింది నుంచి అరిచాను.

జనం నవ్వారు. వాడు మైకులోనే జవాబిచ్చాడు. "తాతా, మాకాడ గొంగడి లేదు. నీ సంకల ఉన్నది ఇయ్యరాదు!"

అంతమంది ముందు అడిగితే లేదని ఎట్లా అంటాను? "పాట అయినంక ఇయ్యాలె" అని ఇచ్చాను. పాట నడుమలోనే పెద్ద వాన కొట్టింది. మైకు బంద్ అయింది. జనం చెదిరిపోయారు. పాటగాళ్లు జీపెక్కి పోయారు. గొంగడి వాడి భుజం మీదనే పోయింది.

నీకు చెప్పలేదు, మల్లేశుకూ చెప్పలేదు. తప్పు నాది, నేనే తెచ్చుకుంటాననుకున్నాను. పన్నెండు రోజులు వాళ్లనూ వీళ్లనూ అడిగాను. మహబూబాబాద్‌లో పాడుతున్నారని తెలిసి, హన్మకొండ దాకా బస్సులో, అక్కడి నుంచి వరంగల్ పోయి రైలులో పోయాను. మిట్టమధ్యాహ్నం స్టేజీ వెనక సంపత్‌ను పట్టుకున్నాను.

"నా గొంగడి తియ్యి" అన్నాను.

"తాతా, నువ్వా! గా వానల నిన్ను మస్తు దేవులాడినం."

"దేవులాడేటోడు జీపెక్కుతడా?"

"నీ కాల్మొక్త, గీ ఒక్క పాట కానియ్యి. పాటంత దీని మీదనే ఉన్నది."

"ఒక్కటే. రెండోది మొదలువెడితే మైకు నేనే గుంజుకుంట."

స్టేజీ పక్కన నిలబడ్డాను. ఈసారి వాడు గొంగడి భుజాన వేసుకోలేదు. స్టేజీ నడుమ పరిచాడు. తెలంగాణ కోసం ప్రాణమిచ్చిన కొడుకును తల్లి పిలిచే పాట అది. "గొంగడి పరిసిన రారా కొడుకా, గోలెంల నీళ్లు నింపిన రారా" అని మొదలవుతుంది. డప్పు ఆపేశారు, గజ్జెలు మాత్రమే మెల్లగా మోగుతున్నాయి. గొంగడి ఖాళీగా ఉంది. ఎన్నో పాటలు విన్నాను కానీ, ఖాళీ జాగా చూపించి పాడిన పాట వినలేదు.

అప్పుడు ఆడవాళ్లలో నుంచి ఒకామె లేచింది. ఎవరూ పిలవలేదు. మెట్లెక్కి వచ్చి, తన ఇంట్లో కూర్చున్నట్టే ఆ గొంగడి మీద కూర్చుంది. డప్పు పట్టుకున్నతను నా చెవిలో చెప్పాడు: "నిజంగనే ఆమె కొడుకు పోయిండు తాతా. నాలుగు నెలలాయె. సోమక్క అంటరు." ఆమె ఏడవలేదు. పిల్లవాడి తల నిమిరినట్టు గొంగడి బొచ్చు నిమురుతూ ఉంది.

పాట అయిపోయింది. సంపత్ నా దిక్కు చూశాడు. కూర్చున్న మనిషి కింద నుంచి ఎట్లా గుంజుకోవాలి? నేను కూడా పోయి పక్కన చెక్కల మీద కూర్చున్నాను.

"గిది ఎవలిదన్నా?" అని అడిగింది.

"నాదే చెల్లె."

"మావోడు గిసుంటిదే కప్పుకునేటోడు. కుచ్చుకుంటది, తియ్యరా అని తిట్టేది నేను." గొంగడి అంచు సరిచేసి, "లేస్త అన్నా, నీకు ఆల్చమైతున్నట్టున్నది" అంది.

"నాకేం పని లేదు, కూసో" అన్నాను. రైలు పోతే పోయింది.

ఊరుకోక, గొంగడి దేనికోసమో చెప్పాను. ఆమె గబుక్కున లేచింది. "అయ్యో, పెండ్లిదా! నేను కూసుంటినే. ఇగ పనికిరాదు గదన్నా" అంటూ రెండుసార్లు దులిపి మడత పెట్టింది. నా చేతికి ఇవ్వలేదు, కింద పెట్టి జరిగి నిలబడింది. అక్కా, నన్ను చెంపమీద కొట్టినా అంత అనిపించకపోవును.

గొంగడి నా దగ్గరే ఉంది. చినగలేదు, అంచు గట్టిగా ఉంది. దాచిపెడితే ఎవరికీ తెలియదు. కానీ దాచి పిల్లలను దాని మీద కూర్చోబెట్టలేను. శోకం మీద పరిచింది శుభానికి ఎట్లా పరుస్తారని మనవాళ్లు అంటారు, అందరి కంటే ముందు బావ అంటాడు. నన్ను అడిగితే దాన్నే పరవాలి. కాదని వేరేది తెస్తే తెచ్చుకోండి, నేను పందిట్లోకి రాను, బయట కూర్చొని తిని పోతాను.

ఇంకోటి చేశాను. నిన్ను అడగకుండానే నీ పేరు మీద సోమక్కను పెళ్లికి పిలిచాను. "నేనేం వస్తనన్నా శుభకార్యానికి" అంది. "మా అక్క పిలుస్తున్నది" అన్నాను. "చూస్త తియ్యి" అంది. కొంచెం దూరం పోయి తిరిగొచ్చి, జనగామ నుంచి మీ లింగాల ఘనపూర్‌కు బస్సులు ఏ యాళ్లకు ఉంటాయని అడిగింది. బస్సు అడిగిందంటే వస్తుంది.

బావకు నా దండాలు చెప్పు. రేణుకకు నా దీవెన. నాకు నీ దీవెన కావాలి, తిట్లు దాని ముందు పంపినా పడతాను. జనగామ పోయి సోమక్కను నేనే తీసుకొస్తాను. ఆమె వాకిట్లోకి రాగానే కాళ్లకు నీళ్ల చెంబు ఇంకెవరికీ పురమాయించకు. నువ్వే వచ్చి ఆమె చేతికి ఇయ్యి.

నీ మాట కోసం చూసే
తమ్ముడు బీరయ్య