గిన్నె కింద పుస్తకం

చిట్టితల్లీ,

దేవుని కృప నీకు తోడుగా ఉండాలి. ఇక్కడ నేను బాగున్నాను. పిన్ని వాళ్లూ బాగున్నారు. నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను అని రాయడం మర్యాద. బాగాలేనని నువ్వే రాశావు కాబట్టి రాయను.

నీ ఉత్తరం సోమవారం అందింది. ఫోను చెయ్యొచ్చు కదా అన్నావు. ఫోనులో నువ్వు అడుగుతావు, నేను ఊఁ అంటాను, అయిపోతుంది. అందుకే కాగితం.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. మోకాలు పర్లేదు, మెట్లు దిగేటప్పుడే గుర్తు చేస్తుంది. వంట నేనే చేసుకుంటున్నాను. ఉప్పు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. వారం మొత్తం మీద సరిపోతుంది. అమ్మ కుట్టుమిషను ఎవరికీ ఇవ్వలేదు. ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక నూనె వేస్తున్నాను. వాడని మిషను బిగుసుకుపోతుంది.

పని ఎప్పటిలాగే ఉంది. మంగళవారం తొమ్మిదంతస్తుల భవనంలో లిఫ్టు నాలుగుకీ అయిదుకీ మధ్య ఆగింది. లోపల ఒక ముసలావిడ. పైనుంచి మోటారు చేత్తో తిప్పి ఆవిడను కిందికి దించేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. కంగారేం పడలేదు. "నీ లిఫ్టు కంటే మెట్లే నయం నాయనా. మధ్యలో ఆగిపోయినా కూర్చోడానికి చోటుంటుంది" అంది.

ఇక అసలు మాట. అనాటమీ రెండోసారి పోయింది, నర్సింగు మానేసి వచ్చేస్తాను అని రాశావు. దాని కిందే ఇంకో మాట రాశావు. "నాన్న యాభై రెండేళ్ల వయసులో, అమ్మ పోయిన ఏడాదికే, వెళ్లి లిఫ్టు ఇన్‌స్పెక్టరు పరీక్ష రాశాడు, నేనెలా మానేస్తాను అని రోజూ అనుకుని ఆగుతున్నాను. ఫలితాలు వచ్చాయా నాన్నా?"

అయిదు రోజులుగా ఈ మాట దగ్గరే ఉన్నాను. జవాబు చెప్పాలంటే మన బల్ల సంగతి నుంచి మొదలుపెట్టాలి.

మీ అమ్మ పద్ధతి నీకు తెలుసు. దేని కోసం ప్రార్థన చేస్తామో అది బల్ల మీద ఉండాలి. ఆమెన్ అన్నాక, అన్నానికి లేవకముందే, దాని మీద పది నిమిషాలు చెయ్యి పడాలి. తను చొక్కా పెడితే కాజాలు కుట్టేది. నువ్వు లెక్కల పుస్తకం పెడితే ఒక లెక్క చెయ్యాల్సిందే. ఆరేళ్లప్పుడు పన్ను నొప్పని నోరు బల్లకు ఆనించి కూర్చున్నావు. ఆమెన్ అనగానే నీ చేతిలో బ్రష్షు పెట్టింది. దేవుడు మోసం చేశాడని ఏడ్చావు.

తన జబ్బు సంగతి తెలిసిన రోజు, ఈ రోజు నీ కోసమే ప్రార్థన అన్నాను అమ్మతో. "అయితే నన్ను ఎత్తి బల్ల మీద కూర్చోబెడతారా? మీ నడుం పట్టేస్తే మళ్లీ దానికో ప్రార్థన" అంది. లేచి వెళ్లి అప్పట్లో నేను చదువుతున్న ఇన్‌స్పెక్టరు పరీక్ష పుస్తకం తెచ్చి పెట్టింది. ఆ రోజే కాదు. లేవగలిగినన్నాళ్లూ అదే పెట్టింది. లేవలేనప్పుడు నా చేత తెప్పించింది. కళ్లు మూసుకుని పెదాలు కదిపేది. ఏమడిగేదో నాకు వినపడేది కాదు. నేను పాస్ కావాలనే అనుకున్నాను.

తను పోయాక ఆ పుస్తకం మీద నాకు కోపం వచ్చింది. తన ప్రాణం అడగాల్సిన రోజుల్లో నా ఇన్‌స్పెక్టరు లైసెన్సు అడిగింది కదా అని. అయినా అలవాటు చొప్పున రోజూ బల్ల మీద పెట్టేవాణ్ణి. ప్రార్థన చేసేవాణ్ణి. ఆమెన్ అన్నాక తెరిచేవాణ్ణి కాదు. వేడి గిన్నె దించి దాని మీద పెట్టుకునేవాణ్ణి. ఇప్పుడు అట్ట మీద గుండ్రంగా మరక ఉంది.

తల్లీ, నేను పరీక్ష రాయలేదు.

వెళ్లాను. గేటు దాకా వెళ్లాను. వాచ్‌మన్ ఆపి "పాపను దింపడానికొచ్చారా సార్? పెద్దవాళ్లు బయటే ఉండాలి" అన్నాడు. పరీక్ష నాకే అన్నాను. "మా మామగారు మీ వయసులో పేపరు తిరగేయడానికే బద్ధకిస్తాడు. వెళ్లండి సార్, గంట కొట్టేస్తారు" అన్నాడు. హాల్ టికెట్ కోసం సంచిలో చెయ్యి పెడితే పుస్తకం తగిలింది. గంట కొట్టారు. నేను కదల్లేదు.

ఎదురుగా ఉన్న బస్టాపులో మూడు గంటలు కూర్చున్నాను. అందరూ బయటికి వచ్చాక ఒకతన్ని ఆపి ఏ ప్రశ్నలు వచ్చాయని అడిగాను. అప్పుడు నీకు ఉత్తరంలో రాసిన ప్రశ్నలు అతను చెప్పినవే. బ్రేకు ప్రశ్న నాకు బాగా వచ్చిందని కూడా రాశాను. అది నా సొంత కల్పన.

పన్నెండు రోజుల కిందట పిన్ని వచ్చింది. బల్ల తుడుస్తూ గిన్నె ఎత్తి, కింద పుస్తకం చూసింది.

"ఇదేంటి బావా?"

"పుస్తకం."

"అది కనిపిస్తూనే ఉంది. అక్క దీని మీద చెయ్యి వేసి ఏమడిగేదో మీకు తెలుసా?"

"నేను పాస్ కావాలని."

"మీ మొహం. ఆఖరి నెల పక్కనే పడుకున్నదాన్ని, నాకు వినపడేది. 'నేను లేని ఇంట్లో ఈయన ఒట్టి చేతులతో కూర్చోకూడదు ప్రభువా' అనేది. పాస్ మాట ఒక్కరోజు ఎత్తలేదు." గిన్నె నా చేతిలో పెట్టింది. "ఆవిడ అడగాల్సింది అడిగి వెళ్లింది. తమరు దాని మీద కూర పెట్టుకున్నారు."

పిన్ని వెళ్లాక పుస్తకం తెరిచాను. పది నిమిషాలు. మర్నాడు మళ్లీ పది. ఈ రోజుకు పన్నెండు రోజులు. ఒకరోజు రెండు పేజీలు, ఒకరోజు నాలుగు వాక్యాలు. బుర్రకెక్కట్లేదు. చెయ్యి మాత్రం దాని మీద ఉంటోంది. నిన్న మళ్లీ దరఖాస్తు పెట్టాను. పరీక్ష అయిదు నెలల తర్వాత.

నీ సంగతికి వస్తాను. నువ్వు నన్ను పట్టుకుని ఆగావు. ఆ నాన్న లేడని ఇప్పుడు నేనే చెబుతున్నాను. ఇది చదివి మానేస్తావేమో అని భయంగా ఉంది. చెప్పకపోతే అక్కడే ఉండి చదువుతావేమో అని కూడా అనిపించింది. అబద్ధం మీద నిన్ను నిలబెట్టలేను. లిఫ్టు పనిలో మొదట నేర్పేది అదే. ఏది మనిషిని మోస్తోందో అది గట్టిదో కాదో చూడాలి.

వచ్చేస్తానంటే రా. తలుపు తీసే ఉంటుంది. ఎందుకొచ్చావని అడగను. కాని నన్ను చూసి ఉండకు, నన్ను చూసి మానకు. ఈ ఉత్తరం అందిన సాయంత్రం అనాటమీ పుస్తకం నీ ముందు పెట్టుకో. పాస్ చెయ్యమని అడగక్కర్లేదు. పది నిమిషాల బలం అడుగు. ఇక్కడ రోజూ ఆరున్నరకు నేనూ నా పుస్తకం పెట్టుకుంటాను. బల్లలు రెండైనా అడిగేది ఒకరినే.

ఈ ఉత్తరం రాసి బల్ల మీద పెట్టి ప్రార్థన చేశాను. ఆమెన్ అన్నాను. పోస్టు డబ్బా వీధి చివర ఉంది. చించేయాలని చేతులు తొందరపడుతున్నాయి. అందుకని చెప్పులు ముందే వేసుకుని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ఇట్లు,
ఇంకా పరీక్ష రాయని
మీ నాన్న