బీరప్ప గారి శాలువా నా మీద పడిన విషయమై

ఎర్రమిట్ట పురపాలక సంఘం కమిషనర్ గారి సముఖమునకు,
మదనపల్లె–పుంగనూరు దారి.

అయ్యా,

విషయం: సన్మానపు శాలువా ఒక మనిషికి అందవలసి, నాకు అంది, తుదకు గొర్రెకు చేరుట, సదరు మనిషి పేరును మైకులో మరల ఒకసారి పిలిపించుట గురించి.

ముందుగా తమరికి అత్యంత గౌరవముతో తెలియజేయు ముఖ్య వార్త ఏమనగా, మొన్న మంగళవారం సాయంత్రం వానలో, మిట్టమీది వీధి కాపురస్తుడు బీరప్ప గారి నల్లమూతి గొర్రె, పురపాలక సంఘం వారి జరీ అంచు శాలువా సాక్షిగా రెండు పిల్లలను ఈనినది. తల్లీపిల్లలు క్షేమం. శాలువా క్షేమం కాదు.

సదరు శాలువా గొర్రె దాకా ఎలా పోయిందో కింద నెంబర్లు వేసి రాస్తున్నాను. నెంబర్లు వేస్తేనే ఆఫీసులో చదువుతారని తమ అటెండరు శివకుమార్ చెప్పినాడు.

1. నేను షామియానాలు, కుర్చీలు బాడుగకు ఇచ్చేవాడిని. మన చైర్‌పర్సన్ గారు ఈ నెలంతా వార్డులు తిరుగుతున్నారు. (మనది కార్పొరేషన్ కాదని, మనకు మేయర్ ఉండరని తమరికి తెలుసు. మా వీధికి తెలియదు కనుక మేయరమ్మ అనే రాస్తాను.) పొద్దున వీధులు చూడటం, తరవాత ఒక సభ. ఒకనాడు కొత్త కొళాయి, ఒకనాడు బడిపిల్లల పరుగుపందెం, ఒకనాడు మొక్కలు నాటడం. సభ ఎక్కడుంటే నా కుర్చీలు అక్కడ. కుర్చీలు ఎక్కడుంటే నేను అక్కడ. ముందు వరుస ఖాళీగా ఉంటే ఫోటో బాగుండదని నన్నే కూర్చోబెట్టేవారు. ఉప్మా కూడా ముందు వరుసకే ముందు వస్తుంది కాబట్టి నేనూ కాదనలేదు.

2. పిలిచిన మనిషి రాకపోతే ముందు వరుసలో ఉన్నవాడు లేచి శాలువా పుచ్చుకోవడం మన సభల ఆనవాయితీ. అలా ఈ నెలలో నేను 'ఉత్తమ మొక్కల పెంపకందారు'ను అయినాను. మా ఇంట్లో ఉన్న ఒక్క కరివేపాకు చెట్టూ నిరుడే ఎండిపోయింది. తరవాత శారదమ్మ గారు జ్వరంతో రాకపోతే 'ఆదర్శ మాతృమూర్తి'ని కూడా అయినాను. ఆ ఫోటోలో నా మీసాలు బాగా పడినాయి. నా భార్య రమణమ్మ దాన్ని గోడకు తగిలించి, ఇంటికి వచ్చిన ఆడవాళ్లకల్లా చూపిస్తోంది. "సూడమ్మా, ఈయప్ప ఎవురిని కన్నాడో నువ్వన్నా అడుగు" అంటోంది.

3. ఇక బీరప్ప. తన దొడ్డి ముందర రోడ్డు పక్కన రాతి తొట్టి పెట్టి, ఎండాకాలమంతా బిందెలతో నీళ్లు మోసి నింపుతాడు. తన గొర్రెలకే కాదు, దారినపోయే ఆవుకూ కుక్కకూ కూడా. మేయరమ్మ ఆ వీధికి పోయినప్పుడు తొట్టి దగ్గర ఆగి, "నీ పేరేమప్పా?" అని అడిగినారు. అంతే అయ్యా. ఆ పొద్దు నుంచి ఆ మనిషి కనపడినవాళ్లందరికీ ఇదే చెప్పినాడు: "నా పేరడిగింది సూడప్పా! యేలిముద్ర ఎయ్యమన్లేదు. పేరడిగింది."

4. పార్కు సభలో ఆయనకు సన్మానమన్నారు. భార్య అక్కమ్మ పుంగనూరు సంతలో కొత్త పంచె తెచ్చింది. కూతురు భారతి కుప్పం నుంచి బస్సులు మారి వచ్చింది, ఫోన్లో వీడియో తీయడానికి. తల్లీకూతుళ్లు ముందే వచ్చి ఆడవాళ్ల వైపు కూర్చున్నారు. వేళకు బీరప్ప రాలేదు. తొట్టి నింపనిదే ఆయన కదలడు కదా. మైకులో ఆయన పేరు పిలిచినారు. "లేయన్నా, ఫోటో అయిపోతాది" అని శివకుమార్ నన్ను వెనక నుంచి తోసినాడు. నేను వేదిక ఎక్కి, శాలువా కప్పించుకుని, మైకుకు నోరు ఆనించి "మే... మే..." అని అరిచినాను. పార్కంతా నవ్వింది. మేయరమ్మ కూడా నవ్వినారు.

నవ్వులు ఆగకముందే గేటు దగ్గర వాచ్‌మన్ గొంతు వినబడింది.

"ఎవురప్పా నువ్వు?"

"బీరప్పను."

"బీరప్పకు ఇచ్చేసినారు. పోయి ఉప్మా తినుపో."

నా షామియానా చివరి గుంజ పట్టుకుని, కొత్త పంచె మోకాళ్ల దాకా నీళ్లకు తడిసి, ఆయన నిలబడి ఉన్నాడు.

5. భారతి వీడియోలో ఇప్పుడు వాళ్ల నాయన పేరు వినబడుతుంది, నా మొహం కనబడుతుంది. దాన్ని అలాగే కుప్పానికి తీసుకుపోయింది.

6. మంగళవారం శాలువా మడిచి తీసుకుపోయి ఇచ్చినాను. బీరప్ప కోపంతో దాన్ని గొర్రె మీదికి విసిరికొట్టి, "ఇంగోసారి నా దొడ్డికాడికొస్తే కాళ్లిరిసేస్తా" అన్నాడు. ఆ సంగతి విని రమణమ్మ కూడా నాకు అన్నం పెట్టడం మానేసింది.

కావున తమరిని వేడుకొనునది: ఈ ఆదివారం ముగింపు సభలో బీరప్ప గారి పేరు మైకులో మరల పిలిపించాలి. శాలువా అక్కరలేదు. పేరు చాలు. తొట్టి నిండే వేళ చూసుకుని సభ పెట్టాలి. ఆయన మిట్ట దిగి రావాలి, నడక నెమ్మది. ఒకసారి పిలిచి ఊరుకోకుండా వచ్చేదాకా పిలవాలి. నన్ను ముందు వరుసలో కూర్చోనివ్వరాదని కూడా ఉత్తర్వు ఇప్పించాలి. నా మీద నాకే నమ్మకం లేదు. మైకు కనబడితే నా కాళ్లు నన్ను అడగకుండానే లేస్తాయి.

ఆరో తరగతిలో బడి మానినవాడి రాత. తప్పులకు నవ్వుకుని, విషయాన్ని మాత్రం నవ్వకుండా చిత్తగించవలెను.

ఇట్లు,
వెనక గుంజ దగ్గర నిలబడిన తమ విధేయుడు,
మునిశేఖర్,
షామియానా, కుర్చీల బాడుగ, ఎర్రమిట్ట.

తా.క.: ఈ కాగితం ఇవ్వబోతే శివకుమార్ ముందుగా చదివినాడు. "నేనెప్పుడు తోసినాను నిన్ను? నా ఉద్యోగం తీయించేదానికే రాసినావా?" అన్నాడు. కనుక కల్పించినవి ఏవో రాసేస్తున్నాను.

శివకుమార్ తోయలేదు. నేనే లేచినాను. బీరప్ప మిట్ట దిగి వస్తున్నది కూడా చూసినాను. ఆయన వచ్చేలోగా ఒక్క తమాషా చేసి దిగిపోదామనుకున్నాను.

రమణమ్మ అన్నం మానలేదు. ఈ పొద్దు కూడా సంగటి పెట్టింది.

బీరప్ప శాలువా విసరలేదు. కాళ్లు విరిచేస్తాననలేదు. అని ఉంటే ఈ అర్జీ పనే ఉండేది కాదు. నేను పోయేసరికి వానలో గొర్రె ఈనుతోంది. పిల్లలు వణుకుతుంటే నా చేతిలో శాలువా తీసుకుని వాటికి చుట్టినాడు. "మంచి గుడ్డప్పా, ఎచ్చగుండాది" అన్నాడు. తరవాత, "ఆ పొద్దు బాగా అరిసినావు. ఇంగోసారి అరువు, పిల్లలింటాయి" అన్నాడు.

నేను అరవకుండా ఇంటికి వచ్చి ఈ అర్జీ రాయడానికి కూర్చున్నాను. ఇది కల్పించింది కాదు.